మాట్లాడని మనిషే ఇవాళ్టి కథానాయకుడు

డేవిడ్ సొలోయ్ 'ఫ్లెష్' నవలకు 2025 బుకర్ బహుమతి వచ్చినప్పటి నుంచి ఒక ఫిర్యాదు పదేపదే వినిపిస్తోంది. ఇందులో హీరో ఇస్త్వాన్ మాట్లాడడు. ఏం అడిగినా 'ఓకే' అంటాడు. అతని మనసులో ఏముందో రచయిత కూడా చెప్పడు. అలాంటివాడి వెంట మూడొందలకు పైగా పేజీలు ఎలా నడుస్తాం అని అడుగుతున్నారు. నడవచ్చు, నడవాలి కూడా. ఈ మధ్య చదివిన నవలల్లో నన్ను పట్టుకుని వదలనివన్నీ నోరు విప్పని మనుషుల కథలే. ఇప్పటి నవల చేస్తున్న అసలైన పని అక్కడే జరుగుతోందని నా నమ్మకం.

ముందు 'ఫ్లెష్' సంగతే చూద్దాం. హంగరీలో ఒక అపార్ట్‌మెంట్‌లో తల్లితో ఉండే పదిహేనేళ్ల కుర్రాడు. దాదాపు తల్లి వయసున్న పొరుగింటి ఆవిడ అతన్ని లోబరుచుకుంటుంది. ఆ వ్యవహారం ఒక చావుతో, శిక్షతో ముగుస్తుంది. తర్వాత సైన్యం, ఇరాక్, లండన్, ఎవరూ ఊహించనంత డబ్బు. ఇంకో రచయితైతే జైలుకు ఒక వంద పేజీలు, యుద్ధానికి మరో వంద పేజీలు ఇచ్చేవాడు. సొలోయ్ రెంటినీ అధ్యాయాల మధ్య ఖాళీలో వదిలేశాడు. మనకు దొరికేది అంతకుముందు ఇస్త్వాన్, ఆ తర్వాత ఇస్త్వాన్. మధ్యలో ఏం విరిగిందో అతని పొడి జవాబుల్లో, అతని ఒంటి మీద మనమే వెతుక్కోవాలి. తన మీద జరిగింది అత్యాచారమని అతను ఎప్పుడూ అనుకోడు. దాన్ని ఏమనాలో అతనికి తెలియదు. తెలియని బరువును మోస్తూ ఒక మనిషి నడివయసు దాకా వచ్చేస్తాడు. రచయిత మధ్యలో దూరి ఆ బరువుకు పేరు పెట్టి ఉంటే మనకు జాలి కలిగేది, అంతే. పెట్టలేదు కాబట్టే దిగులు పట్టుకుంటుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కు 2024లో నోబెల్ వచ్చాక చాలామంది 'ది వెజిటేరియన్' మళ్లీ చేతికి తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. ఉన్నట్టుండి మాంసం మానేసిన యోంగ్-హే అనే ఆవిడ కథ, కొరియన్‌లో 2007లో వచ్చిన నవల ఇది. మూడు భాగాలు: మొదటిది భర్త చెబుతాడు, రెండోది అక్క మొగుడి వైపు నుంచి నడుస్తుంది, మూడోది అక్క ఇన్-హే వైపు నుంచి. యోంగ్-హేకి మాత్రం సొంత భాగం లేదు. చెదిరిన కలల తాలూకు కొన్ని ముక్కలు తప్ప ఆమె గొంతు మనకు వినపడదు. ఎందుకు మానేశావని అడిగితే కల వచ్చిందంటుంది. ఆ జవాబు ఇంట్లో ఎవరికీ చాలదు. కుటుంబమంతా భోజనానికి కూర్చున్న చోట తండ్రి ఆమె చెంప పగలగొట్టి నోట్లో మాంసం కుక్కుతాడు. ఆ పుట దగ్గర నేను ఆగిపోయాను. ఆ తండ్రికి కావలసింది కూతురు తినడం ఒక్కటే కాదు, తనకు అర్థమయ్యేలా ఉండటం కూడా. ఆమె అర్థం కాకపోవడాన్ని అతను భరించలేకపోతున్నాడు.

అన్ని మౌనాలూ ఒకటే అని నేననడం లేదు. వివేక్ శానభాగ కన్నడలో రాసిన 'ఘాచర్ ఘోచర్'లో మౌనం నేరం. డబ్బు తెచ్చిపెట్టే చిక్కప్పను, అంటే బాబాయిని, వెతుక్కుంటూ ఒకామె ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఇంటి ఆడవాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి తరిమేస్తారు. చిక్కప్ప బయటికి రాడు. కథ చెబుతున్న కుర్రాడు చూస్తూ నిలబడతాడు. పేరు కూడా లేని ఆ కథకుడు కాఫీ హౌస్‌లో కూర్చుని మనకు అన్నీ చెబుతున్నట్టే ఉంటాడు, అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకుంటాడు. ఆ ఇల్లు ఎంత దూరం వెళ్లగలదో పాఠకుడు తనంతట తాను లెక్క కట్టుకోవాలి. ఇంత చిన్న పుస్తకంలో ఇంత భయం నింపిన నవలలు నాకు తెలిసి చాలా తక్కువ. క్లెయిర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్'లోనూ ఊరంతా పాటించే మౌనమే ప్రత్యర్థి. 1985, ఐర్లండ్, బొగ్గు అమ్ముకునే బిల్ ఫర్లాంగ్, క్రైస్తవ సన్యాసినులు ఉండే కాన్వెంట్ బొగ్గు కొట్లో తాళం వేసి ఉంచిన అమ్మాయి. బిల్ ఉపన్యాసం ఇవ్వడు, ఒక పని చేస్తాడు.

దీనికి ఎదురుగా ఒక వాదన ఉంది, బలమైనదే. మౌనం తీరిక ఉన్నవాళ్ల విలాసమని, ఇన్నాళ్లూ నోరు నొక్కిపెట్టిన వాళ్ల కథల్లో గొంతెత్తడమే న్యాయమని అంటారు. బార్బరా కింగ్‌సాల్వర్ 'డీమన్ కాపర్‌హెడ్'ను ఉదాహరణగా చూపిస్తారు. మాదకద్రవ్యాలు తినేసిన అమెరికాలోని అపలాచియా కొండ ప్రాంతంలో ఒక అనాథ కుర్రాడు గుక్క తిప్పుకోకుండా చెప్పే కథ అది, 2023లో పులిట్జర్ కూడా వచ్చింది. మొదటి సగం నాకూ నచ్చింది. తర్వాత ఆ కుర్రాడి నోట సామాజిక పాఠం ఎక్కువైంది.

ఆ వాదనకు అసలు జవాబు పెర్సివల్ ఎవరెట్ ఎప్పుడో రాసేశాడు. అతని నవల 'జేమ్స్'లో, మార్క్ ట్వేన్ పాత నవలలో హకల్‌బెరీ ఫిన్ అనే కుర్రాడి వెంట తెప్ప మీద వెళ్లిన నల్లజాతి బానిస జిమ్ తన కథ తానే చెబుతాడు. తమలో తాము ఉన్నప్పుడు బానిసలంతా చక్కటి ఇంగ్లిష్ మాట్లాడుకుంటారు. తెల్లవాళ్లు రాగానే వాళ్లు ఆశించే వచ్చీరాని యాస తగిలించుకుంటారు. ఆ యాస ఎలా పలకాలో జిమ్ పిల్లలకు పాఠం చెబుతాడు. తెలిసింది దాచుకోవడం అక్కడ ప్రాణరక్షణ. అతను రాసుకోవడానికి తెచ్చి ఇచ్చిన ఒక్క పెన్సిల్ ముక్క కోసం ఇంకో మనిషి ప్రాణం పోతుంది. గొంతు విలువ తెలిసినవాడే మౌనం విలువ ఇలా రాయగలడు. పోల్చి చూస్తే 2023 బుకర్ గెలిచిన పాల్ లించ్ 'ప్రాఫెట్ సాంగ్' నన్ను నిరాశపరిచింది. నియంతృత్వంలోకి జారిపోతున్న ఐర్లండ్, మాయమైన భర్త, పిల్లల్ని కాపాడుకునే తల్లి: వస్తువు చాలా గట్టిది. కానీ పేరాలు విడగొట్టకుండా, పోలిక మీద పోలిక పేరుస్తూ, నేను భయపడే లోపే ఎక్కడ భయపడాలో రచయితే చెప్పేస్తాడు.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది నవలలకు బయట ఉంది. ఇప్పుడు ప్రతి మనిషీ తన గురించి తాను వివరణ ఇచ్చుకోవాలి. విడిపోతే ఎందుకో చెప్పాలి, ఉద్యోగం మానేస్తే ఎందుకో చెప్పాలి, ఏడవకపోయినా ఎందుకో చెప్పాలి. ఫోన్‌లో పోస్ట్ పెట్టని దుఃఖం దుఃఖమే కానట్టు చూస్తున్నాం. ట్రామా, అంటే మనసుకు తగిలిన లోతైన గాయం, అనే మాట అందరి నోటా తిరుగుతోంది. చిన్నప్పటి గాయం ఒకటి వెతికి పట్టుకుంటే మనిషి మొత్తం అర్థమైపోయినట్టే లెక్క. ఈ అలవాటు విమర్శలోకీ పాకింది. పాత్ర ఎందుకలా చేసిందో తెలియలేదు అని రాసి మార్కులు కోసేస్తున్నారు.

ఇస్త్వాన్‌కు ఆ సూత్రం సరిగ్గా అతికేలా సొలోయ్ అన్నీ సిద్ధం చేశాడు. గాయం ఉంది, తేదీ ఉంది, మనిషి కూడా ఉంది. అయినా అతని జీవితంలో సగం ఆ గాయంలో పట్టదు. డబ్బు మీద ఆశ, కొడుకు మీద ప్రేమ, అకస్మాత్తుగా పొంగే కోపం అన్నీ దాని నుంచే పుట్టాయని చెప్పలేం. 'ది వెజిటేరియన్' మూడో భాగంలో ఇన్-హే కూడా చెల్లెలికి కారణాలు వెతుకుతుంది, కొన్ని దొరుకుతాయి కూడా. చెల్లెలు మాత్రం ఆ కారణాల్లో లేదు. అయినా ఇన్-హే ఆసుపత్రికి వెళ్లడం మానదు. అర్థం కాని మనిషి పక్కన ఉండటం సాధ్యమేనని ఇన్ని పుస్తకాలు చూపిస్తుంటే, హీరో మాట్లాడలేదని బుకర్ నవల మీద విసుక్కోవడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.