గెడ అక్కడ, పడవ ఇక్కడ, మనిషి మధ్యలో

పడవను నెట్టేటప్పుడు బురదలో దిగబడ్డ గెడను పీకేవాడికి మహా అయితే రెండు క్షణాల గడువు. ఆలోగా గెడను వదలాలా, పడవను వదలాలా తేల్చుకోవాలి. చాలామంది ఏదీ వదలరు. పడవ తన దారిన తను పోతుంది, గెడ ఉన్నచోటే నిటారుగా నిలబడుతుంది, మనిషి మాత్రం త్రిశంకుడిలా కాసేపు వేలాడి, ఎంతో మర్యాదగా నీళ్లలోకి ఒరుగుతాడు. నీళ్లు మోకాళ్లదాకే కాబట్టి ప్రాణానికి ఢోకా లేదు. పరువు సంగతి వేరు.

లాగేముందు గెడను పావు చుట్టు తిప్పితే బురద పట్టు సడలుతుంది. ఈ మాట తెలియనివాళ్లు తక్కువ, సమయానికి గుర్తొచ్చేవాళ్లు ఇంకా తక్కువ. అప్పటికీ రాకపోతే వదిలేయడమే. వెనక్కి వెళ్లి తెచ్చుకోవడానికి పడవలో ఒక తెడ్డు ఉండాలి, అంతే. ఆ తెడ్డు సాధారణంగా ఒడ్డున ఉంటుంది.

ఇక గెడ విరిగిందనుకోండి, నాసిరకం అని తిట్లు మొదలు. పాపం, నిలువుగా నెట్టినంతసేపూ గెడ బాగానే ఓర్చుకుంటుంది. రాళ్ల సందులో ఇరుక్కున్నదాన్ని పడవ అంచుకు ఆనించి, మీటలాగా అడ్డంగా వంచితేనే ఫట్‌మంటుంది. అదీ ఎప్పుడో ఒడ్డున రాళ్లమీద దబ్బున పడేసినప్పుడు గాటు పడ్డ చోటే.

ఏ రకం గెడ జబ్బు దానికుంది. వెదురుకు పురుగు, చీలిక. ముదురు బొంగు తెచ్చి నీడన ఆరబెట్టకపోతే కొన్నాళ్లకు గెడ కింద పసుపు పొడి రాలుతుంది. అది పురుగు తిని వదిలిన లెక్క. పైగా దానికి తాడు కట్టుకోవడానికని రంధ్రం పెడతారు, కణుపుల మధ్య బోలులోకి నీళ్లు దూరి లోపల్నుంచి కుళ్లుతుంది. అల్యూమినియం చప్పున విరగదు, నొక్కుకుపోతుంది. నొక్కు పడ్డచోట ఇంకోసారి వంగితే మడతే. దాని చివరి బిరడా ఊడితే గొట్టం నిండి మునుగుతుంది. ఫైబర్‌గ్లాస్ ఎండకు పైపూత పోగొట్టుకుని సన్నటి గాజు నూగు లేస్తుంది. చేతులు దురద పెడుతుంటే దోమలని అనుకునేవాళ్లున్నారు. కార్బన్ ఫైబర్ తేలిక, కానీ చిన్న గాటుకే అలుగుతుంది. విద్యుత్తు కూడా దానిగుండా పారుతుంది, కాబట్టి కరెంటు తీగల కింద పైకెత్తకూడదు. ఇక్కడ మాత్రం హాస్యం లేదు.

ఫైబర్‌గ్లాస్‌, కార్బన్ గెడలను నాణెంతో తట్టుకుంటూ పోండి. ఖంగుమనే శబ్దం ఒకచోట మొద్దుగా మారితే పొరలు విడిపోయాయన్నమాట. ఫైబర్‌గ్లాస్‌పై తెల్లటి మచ్చలు కూడా అదే కబురు. నూగు మాత్రమే ఉంటే గరుకు కాగితంతో నీళ్లు చల్లుతూ రుద్ది, ఆరాక రెండు పూతల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), దానిపై ఎండను ఆపే వార్నిష్ వేస్తే చాలు. విరిగితే లోపల బిగువుగా పట్టే గొట్టం ముక్క, విరుపుకు అటూ ఇటూ జానెడు చొప్పున, ఎపాక్సీతో అతికించి ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఆ ఒక రోజు ఆగలేకే ఇన్సులేషన్ టేపు కనిపెట్టారేమో అనిపిస్తుంది, దాన్ని ఎన్ని చుట్లు చుడతారో చూస్తే. టేపు గెడను నిలబెట్టదు, విరిగిన ముక్కలు దూరంగా కొట్టుకుపోకుండా చూస్తుంది.

అన్నిటికన్నా దొడ్డ పొదుపు ఇంకోటుంది: 18 అడుగుల గెడ విరిగితే 14 అడుగుల గెడ మిగిలిందనుకోవడం. పడవ కాస్త లోతుకు జరగ్గానే మనిషి బలమంతా గెడమీద మోపుతాడు, గెడకు అడుగు తగలదు, ఇద్దరూ కలిసి వెతకడానికి వెళ్తారు. మీరు తిరిగే నీళ్లలో అతి లోతైన చోట కూడా గెడ అడుగు తగిలాక పడవ పైన ఇంకా నిలువెత్తు మిగలాలి. ఎత్తైన బల్లమీద నిలబడి నెట్టేవాళ్లకు ఆ బల్ల ఎత్తు అదనం. కింది చివర మెత్తటి బురదకైతే వెడల్పాటి పంగ, గట్టి నేలకైతే మొన. రెండూ ఉన్న గెడ తీసుకుంటే తిరగేసి వాడుకోవచ్చు.

పాతదాంట్లో ఏడెనిమిది అడుగుల మంచి ముక్క దొరికితే చివర చెక్కి పడవ కట్టే గుంజగా దిగ్గొట్టండి. కట్టాక ఓసారి గట్టిగా లాగి చూడండి, ఒంటరిగా షికారు వెళ్లే అలవాటు పడవలకూ ఉంది.