జాగ్రఫీ అంటే రాజధానుల పేర్లు బట్టీ పట్టడం కాదండీ

ఇంటర్వ్యూ కాల్ ముగిసి గంట కూడా కాలేదు. ల్యాప్‌టాప్ ఇంకా మూయలేదు, ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. రేపటికి చల్లారిపోతే ఇది రాయను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

డేటా అనలిస్ట్ పోస్టు. ఫ్రెషర్లకే. నా రెజ్యూమె తెరవగానే ఇంటర్వ్యూ చేసినాయన అన్న మొదటి మాట ఇది: "ఓ, జాగ్రఫీయా? అయితే మంగోలియా రాజధాని ఏదో చెప్పండి చూద్దాం." పక్కన కూర్చున్నాయన నవ్వాడు. నేను ఉలాన్‌బాతర్ అని చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు నా మీద నాకే కోపంగా ఉంది. కెమిస్ట్రీ చదివినవాళ్ళని పిలిచి 43వ మూలకం పేరు చెప్పమని అడుగుతారా? ఫిజిక్స్ వాళ్ళని కాంతి వేగం అప్పజెప్పమంటారా? వాళ్ళ దగ్గరకొచ్చేసరికి "గణితం బాగా వచ్చి ఉంటుంది" అంటారు. మా దగ్గరకొచ్చేసరికి మాత్రం క్విజ్ పోటీ.

సరే, అది వదిలేద్దాం. అసలు మండింది దానికి కాదు.

మూడు రోజుల ముందు వాళ్ళే ఒక అసైన్‌మెంట్ పంపారు. డెలివరీకి ఎంత టైమ్ పడుతుందో అంచనా వేసే మోడల్. పన్నెండు వేల వరుసలు. ఎక్కడ బయల్దేరింది, ఎక్కడికి చేరింది, రెండింటికీ అక్షాంశం, రేఖాంశం. దాంతోపాటు వాళ్ళ టీమ్ రాసిన నోట్‌బుక్, అంటే కోడ్, దాని ఫలితాలు కలిపి ఉండే ఫైల్. అందులో స్కోరు 0.93; ఒకటికి ఎంత దగ్గరైతే అంచనా అంత బాగున్నట్టు. దీన్ని ఇంకా పెంచి చూపించండి, అదే పని.

నేను మోడల్ జోలికి వెళ్ళకముందు చుక్కలు మ్యాప్ మీద వేశాను. జాగ్రఫీ చదివినవాళ్ళెవరైనా ముందు ఆ పనే చేస్తారు, మాకది అలవాటు. వేయగానే మూడు వందల నలభై చుక్కలు ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖ నీళ్ళలో పడ్డాయి. అన్నీ ఒక్కచోటే, ఒకదాని మీద ఒకటి. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం. అడ్రస్ దొరకనప్పుడు ఎవరో ఖాళీ వదలకుండా సున్నా నింపేశారు. మ్యాప్ పని చేసేవాళ్ళందరికీ ఆ చోటు తెలుసు, దానికి నల్ ఐలాండ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. అక్కడ నేలే లేదు. ఈ నోట్‌బుక్‌లో మాత్రం అక్కడికి మూడు వందల నలభై డెలివరీలు అయ్యాయి, అవి కూడా 35 నిమిషాల్లో.

ఇంకొన్ని చుక్కలు అసలు ఆ కంపెనీ పని చేయని ఖండంలో పడ్డాయి. రెండు కాలమ్‌లు తారుమారయ్యాయి. మ్యాప్ డేటా దాచే జియోజేసన్ అనే ఫైల్ పద్ధతిలో రేఖాంశం ముందు రాస్తారు, మనం నోటితో చెప్పేటప్పుడు అక్షాంశం ముందు చెబుతాం. అక్కడే అందరూ ఒకసారి పడతారు. పడటం తప్పు కాదు. పడ్డాక కూడా చూసుకోకపోవడం తప్పు.

దూరం ఎలా లెక్కగట్టారో చూస్తే ఇంకా బాధేసింది. డిగ్రీల తేడాలు తీసుకుని పైథాగరస్ సూత్రం పెట్టేశారు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికెళ్తే అది సగమైపోతుంది, 56 కిలోమీటర్లే. ధ్రువం దగ్గర సున్నా. రేఖాంశాలన్నీ అక్కడ కలుస్తాయి కదా! ఇది డిగ్రీలో చెప్పేది కూడా కాదు, స్కూల్లో గ్లోబు తిప్పి చూపించే విషయం. తూర్పు నుంచి పడమరకు వెళ్ళే దూరం, ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళే దూరం ఒకే కొలతలో లేవని ఆ టీమ్‌లో ఒక్కరికీ తట్టలేదా?

ఇంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. డేటాని యాదృచ్ఛికంగా విడగొట్టి, 80 శాతంతో మోడల్‌కి నేర్పించి, 20 శాతంతో పరీక్ష పెట్టారు. అన్ని కోర్సుల్లో చెప్పేది అదే. కానీ ఒకే బిల్డింగ్‌కి వెళ్ళిన ఆర్డర్లు అటూ ఉన్నాయి, ఇటూ ఉన్నాయి. ప్రశ్నపత్రం ముందురోజే చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టు. మోడల్ నేర్చుకున్నది లేదు, ఆ చోట్లని గుర్తుపెట్టుకుంది, అంతే. దగ్గరగా ఉన్నవి ఒకదాన్నొకటి ఎక్కువగా పోలి ఉంటాయని వాల్డో టోబ్లర్ అనే జాగ్రఫర్ 1970లోనే చెప్పాడు. డెట్రాయిట్ నగరం ఎలా పెరుగుతుందో కంప్యూటర్ మీద లెక్కగడుతూ చెప్పిన మాట అది. జాగ్రఫీ మొదటి నియమం అని దానికి పేరు. మా సబ్జెక్టులో అందరూ మొదట వినేది అదే.

నేను ఏరియా మొత్తాన్ని గడులుగా కోసి, కొన్ని గడుల్ని పూర్తిగా పక్కన పెట్టి, మోడల్ ఎన్నడూ చూడని చోట పరీక్ష పెట్టాను. స్కోరు 0.61 వచ్చింది. సున్నాలు తీసేశాను, తారుమారైనవి సరిచేశాను, దూరం భూమి గుండ్రంగా ఉందన్నట్టు లెక్కగట్టాను. అప్పుడు 0.68కి చేరింది. ఎందుకో రెండు పేజీల్లో రాసి, మ్యాప్ కూడా పెట్టి పంపాను. రెండు రాత్రులు పట్టింది.

ఈరోజు ఆయన ఆ పేజీ తెరిచి అన్న మాట: "మేం స్కోరు పెంచమన్నాం. మీరు తగ్గించి తెచ్చారేంటి?"

"సార్, రేపు మీరు కొత్త ఏరియాలో సర్వీస్ మొదలుపెడితే మీకు కనిపించేది ఈ 0.68 లాంటిదే, ఆ 0.93 కాదు" అన్నాను. గొంతు వణక్కుండానే చెప్పాను.

"అవన్నీ థియరీ అండీ. మీ బ్యాక్‌గ్రౌండ్ టెక్నికల్ కాదు కదా, అందుకే ఇవి పెద్ద విషయాల్లా అనిపిస్తాయి."

టెక్నికల్ కాదట.

డేటా సైన్స్ క్లాసుల్లో బొమ్మ గీసి చూస్తే ఏం తెలుస్తుందో చెప్పడానికి ఏ మ్యాప్ చూపిస్తారో మీకు తెలుసు. 1854 లండన్ కలరా మ్యాప్. జాన్ స్నో చావుల్ని ఇంటింటికీ గుర్తుపెట్టి, బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళ పంపు చుట్టూ అవి ఎలా ముసురుకున్నాయో చూపించాడు. ఆయన డాక్టరే, కాదనను. కానీ ఆ స్లైడ్ చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే, అదే పని డిగ్రీలో మూడేళ్ళు చేసి వచ్చినవాళ్ళని రాజధానులు అడుగుతారు.

క్రిగింగ్ సంగతి చూడండి. దక్షిణాఫ్రికా గనుల ఇంజినీర్ డానీ క్రిగ్ 1951లో రాసినదాన్ని పట్టుకుని, తర్వాత ఫ్రాన్స్‌లో మాథెరాన్ గట్టి గణితం చేసి ఆ పేరు పెట్టాడు. అక్కడక్కడా తవ్విన చోట్ల దొరికిన కొలతల్ని బట్టి, తవ్వని చోట ఎంత ఉంటుందో, ఆ అంచనా మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెప్పే పద్ధతి. మెషిన్ లెర్నింగ్‌లో దాన్నే గాసియన్ ప్రాసెస్ రిగ్రెషన్ అంటారు. ఆ పేరుతో రెజ్యూమెలో రాస్తే "అబ్బో" అంటారు. క్రిగింగ్ అని రాస్తే "అదేంటి?" అంటారు. నా రెజ్యూమెలో క్రిగింగ్ అనే ఉంది. మార్చను.

ఇక మ్యాప్‌లు. ఏదో రోగం కేసుల సంఖ్యని బట్టి జిల్లాలకి రంగులేసి, "ఇక్కడ సమస్య ఎక్కువ" అని ప్రెజెంటేషన్ ఇచ్చేస్తారు. అది జనాభా మ్యాప్ అండీ. జనం ఎక్కువున్నచోట అన్నీ ఎక్కువే ఉంటాయి. ఆన్‌లైన్ మ్యాప్‌ల కోసం గుండ్రటి భూమిని చదునుగా పరిచే వెబ్ మెర్కేటర్ మీద 5 కిలోమీటర్ల వృత్తం గీశామనుకుంటారు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర నేల మీద అది రెండున్నరే. ఆ మ్యాప్‌లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా 14 రెట్లు పెద్దది. సరిహద్దులు మారిస్తే ఫలితమే మారిపోతుందని 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే జాగ్రఫర్లు చూపించారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 99 కౌంటీలు తీసుకుని, వాటిని రకరకాలుగా కలిపి చూశారు. వృద్ధుల శాతానికీ, ఒక పార్టీకి పడ్డ ఓట్ల శాతానికీ మధ్య సంబంధం దాదాపు మైనస్ ఒకటి నుంచి దాదాపు ప్లస్ ఒకటి దాకా ఎక్కడ కావాలంటే అక్కడికి వచ్చింది. అదే డేటా, అదే జనం. గీతలు మారాయి, అంతే. ఇది తెలియకుండా పిన్‌కోడ్ వారీగా సగటు తీసి నిర్ణయాలు చేసేవాళ్ళు టెక్నికల్, నేను కాదు.

ఇంత తిట్టాక ఒక నిజం కూడా చెప్పాలి. ఆయన మీద ఉన్న కోపం కంటే మా డిపార్ట్‌మెంట్ మీద ఉన్న కోపం పాతది, లోతైనది.

ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్ పరీక్షలో నాలుగు అడ్డ వరుసలు, నాలుగు నిలువు వరుసల గళ్ళ పట్టిక ఇచ్చారు. పదహారు సంఖ్యలు. మోరాన్ ఐ కట్టమన్నారు. 1950లో పాట్రిక్ మోరాన్ ఇచ్చిన కొలత, పక్కపక్క గడులు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉన్నాయో చెప్పేది. క్యాలిక్యులేటర్ మీద ప్రతి గడి నుంచి సగటు తీసేసి, పక్క గడితో గుణించి, కలుపుకుంటూ పోయాను. నలభై నిమిషాలు పట్టింది. రికార్డులో ఎర్ర పెన్సిల్‌తో మార్జిన్ గీశాను, మార్జిన్ లేకపోతే రెండు మార్కులు కట్. జవాబు సరిగ్గా వచ్చింది. పరీక్షకి వారం ముందు క్లాసులో అడిగాను, "మేడమ్, ఇది దేనికి వాడతారు?" అని. "పరీక్షకి వస్తుంది, నేర్చుకో" అన్నారు.

అంతే. ఆ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు దొరికి ఉంటే నాకు రెండేళ్ళు కలిసొచ్చేవి. 1950ల చివర్నుంచే జాగ్రఫీలో గణితం, కంప్యూటర్లు ఎలా దూసుకొచ్చాయో, 1960ల్లో రోజర్ టామ్లిన్సన్ కెనడా నేలల లెక్క కోసం మొదటి జీఐఎస్, అంటే మ్యాప్‌లని కంప్యూటర్‌లో దాచి లెక్కలు చేసే వ్యవస్థ, ఎలా కట్టించాడో, ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన భూమి చిత్రాలు 2008 నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చని, ఇవేవీ మాకు చెప్పలేదు. ట్రేసింగ్ పేపర్, రంగు పెన్సిళ్ళు, నిర్వచనాలు. స్టాటిస్టిక్స్ యూనిట్ వచ్చేసరికి "ఛాయిస్‌లో వదిలేయండి" అన్నారు. బంగారం చేతికిచ్చి, అది ఇత్తడని చెప్పి పంపారు. బయటవాళ్ళు మమ్మల్ని టెక్నికల్ కాదన్నారంటే, ఆ మాట ముందు మా ఇంట్లోనే పుట్టింది.

పైథాన్, ఎస్‌క్యూఎల్, మ్యాప్ డేటాకి వాడే జియోపాండాస్, ఈ కోడింగ్ పనిముట్లన్నీ డిగ్రీ అయ్యాక నాకు నేనే నేర్చుకున్నాను. నాకు రానివీ ఉన్నాయి. న్యూరల్ నెట్‌వర్క్ లోపల డెరివేటివ్‌లు కాగితం మీద వేయమంటే ఇంకా తడబడతాను, దానికి రోజూ పొద్దున గంట కూర్చుంటున్నాను. ఆ గంట కష్టం నాకు తెలుసు. కానీ గడిలో మోరాన్ ఐ కట్టిన చేతికి కోడ్‌లో ఒక్క లైనులో అదే జవాబు వచ్చినప్పుడు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ రోజు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇది రాస్తుండగానే మెయిల్ వచ్చింది. మరింత బలమైన సాంకేతిక నేపథ్యం ఉన్న అభ్యర్థిని తీసుకున్నారట. సరే.

నిన్న ఒక జూనియర్ మెసేజ్ పెట్టింది, "అక్కా, డేటా వైపు రావాలంటే జాగ్రఫీ మానేసి వేరే కోర్సులో చేరనా?" అని. ఆమెకి ఇంకా జవాబు ఇవ్వలేదు, ఇక్కడే ఇస్తున్నాను. మానకు. ప్రాక్టికల్ రికార్డు పారేయకు. అందులో చేత్తో చేసిన ప్రతి లెక్కనీ కోడ్‌లో మళ్ళీ రాయి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టు. చుక్కలు ముందు మ్యాప్ మీద వేసి చూడు. ఎక్కడ ఆగినా రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను, ఫోన్ చెయ్యి.