మెడలో ముద్దాయి

మా ఇంట్లో నెల రోజులుగా ఒక విచారణ నడుస్తోంది. కలెక్టరేట్‌లో 31 ఏళ్లు ఫైళ్లు కదిపి, కొన్నిటిని కదపకుండానే రిటైరైనవాణ్ణి కనుక, ఆ వివరాలు ఒక పద్ధతి ప్రకారం రాసిపెట్టడం నా విధి.

ఫిర్యాదు ఇది. మా ఆవిడకి నీరసంగా ఉంటోంది. దువ్వెన నిండా జుట్టు ఊడొస్తోంది. దసరాకి కుట్టించిన జాకెట్టు ఉగాదికి పట్టలేదు. ఇవన్నీ సర్దుకుపోదగ్గవే. కానీ ఒక ఆదివారం సాయంత్రం పకోడీలు వెయ్యమంటే "ఓపిక లేదండీ" అంది. 34 ఏళ్ల కాపురంలో ఆ మాట ఎక్కడా నమోదు కాలేదు. విషయం తీవ్రత నాకప్పుడు అర్థమైంది.

ఆ రాత్రే ఫోన్లో కుటుంబ సమావేశం జరిగింది. బెంగళూరు నుంచి మా అబ్బాయి, ఆమదాలవలస నుంచి మా అప్ప (అంటే అక్క), ఇక్కడ శ్రీకాకుళంలో నేను, మా అమ్మ హాజరయ్యాం. మా ఆవిడ గిన్నెలు తోముతూ ఉండటం వల్ల రాలేకపోయింది. ఆమె లేకపోయినా కోరం సరిపోయింది. ఇది థైరాయిడ్ పనేనని ఏకగ్రీవంగా తేలింది.

వేరే అనుమానితులెవరూ లేరా అని మీరు అడగొచ్చు. ఉన్నారు. మా వీధికి కుళాయి నీళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తాయి. ఆరింటికి మా అమ్మకి చోడి అంబలి కావాలి. ఎనిమిదింటికి నాకు టిఫిను, పదింటికి మళ్లీ కాఫీ. రాత్రి పదకొండు దాకా టీవీ చూస్తాను కాబట్టి నా పాల గ్లాసు కూడా అప్పుడే. అయితే వీటిలో దేన్నీ సీసాలో పోసి ల్యాబ్‌కి పంపే వీలు లేదు. థైరాయిడ్‌కి ఆ సదుపాయం ఉంది. పైగా అది మెడ ముందు భాగంలో సీతాకోకచిలుకలా రెక్కలు చాపుకుని, పాతిక గ్రాములకి మించకుండా, నోరెత్తకుండా కూర్చునే గ్రంథి. నింద మొయ్యడానికి అంతకన్నా అనువైన అవయవం మనిషి ఒంట్లో లేదు.

ఇంట్లోనే పరీక్ష చేయించుకునే పద్ధతి గురించి ఇక్కడ నాలుగు మంచి మాటలు చెప్పాలి. పూర్వం ఆడమనిషికి ఒంట్లో బాగాలేదంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చేది. ఏడు రోడ్ల జంక్షన్ రద్దీ దాటుకుని వెళ్లి, చీటీ రాయించి, రెండు గంటలు బల్ల మీద కూర్చోవాలి. తీరా లోపలికి వెళితే డాక్టరు ఆమెనే అడుగుతాడు, "ఏమైందమ్మా?" అని. ఆమె చెబుతుంది. పక్కనే ఉన్న పాపానికి మొగుడు కూడా వినాల్సి వస్తుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ఏర్పాటు ఈ ప్రమాదాన్ని పూర్తిగా తప్పించింది.

మా అబ్బాయి మొదట వేలు గుచ్చుకుని చూసుకునే కిట్ పంపిస్తానన్నాడు. చుక్క రక్తం వేస్తే గీత కనిపించే పట్టీ అది. అలాంటి పట్టీలు చాలావరకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చేత పని చేయించే హార్మోన్) ఒక హద్దు దాటిందా లేదా అన్నదే చెబుతాయట. ఎంత దాటిందో చెప్పవు, తక్కువైతే అసలు పట్టుకోవు. పాసా ఫెయిలా చెప్పి మార్కులు చెప్పని పరీక్ష మీద మా వంశంలో ఎవరికీ నమ్మకం లేదు. అందుకని మనిషిని పంపే ప్యాకేజీ బుక్ చేశాడు.

ఆరున్నరకి రావాల్సిన కుర్రాడు ఏడున్నరకి వచ్చాడు. అరసవల్లిలో ముందు ఇంకో ఇల్లు చూసుకొచ్చాడట. పరగడుపున ఉండాలని మా అప్ప ఉత్తర్వు. థైరాయిడ్ ఒక్కదానికైతే పరగడుపు తప్పనిసరి కాదనీ, టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకి ఇవ్వడం ముఖ్యమనీ కుర్రాడు చెప్పాడు. అప్పటికే ఆవిడ కాఫీ చుక్క ముట్టకుండా నీళ్లు పట్టి, అంబలి కాచి, ఉప్మా చేసి నాకు పెట్టేసింది. నేను తినేశాను. పరగడుపు నిబంధన నాకు వర్తించదు.

తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని చాపింది. కుర్రాడు రబ్బరు పట్టీ కట్టాడు. నరం ఒకంతట దొరకలేదు. "పిడికిలి బిగించండమ్మా" అన్నాడు. బిగించింది. ఆ పిడికిట్లో ఇంకా ఒక కరివేపాకు రెబ్బ ఉంది. పసుపు మూత ట్యూబులోకి రక్తం ఎక్కుతుంటే, రెండో చేత్తో అమ్మ గదివైపు చూపించి "గ్లాసు ఖాళీ అయిందేమో చూడండి" అంది నాతో. చూద్దామనే అనుకున్నాను.

కుర్రాడు ఫారం నింపుతూ అడిగాడు. "ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

"ఏమీ లేవు బాబూ" అన్నాను నేను. ఇంటి యజమానిగా ఇలాంటి వివరాలు ఇవ్వడం నాకు అలవాటే. ఆవిడ ఏదో అనబోయింది, ఈలోపు కుక్కర్ కూసింది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. రక్తం మా ఆవిడది, రిపోర్టు మా అబ్బాయి ఫోనుకి. అక్కణ్ణుంచి మా అప్పకి, మా బావకి, చివరికి నాకు. టీఎస్‌హెచ్ 0.08 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. 0.4 నుంచి 4 దాకా ఉండాలట. "ఎక్కువ రాలేదు కదా, ఇంకేం" అన్నాడు బావ.

ఇక్కడే చిక్కు. టీఎస్‌హెచ్ మెడలో తయారయ్యే సరుకు కాదు. మెదడు అడుగున పిట్యూటరీ అని ఇంకో గ్రంథి ఉంది. అది థైరాయిడ్ మీద సూపర్నెంటు. కింద గుమస్తా పని చెయ్యకపోతే సూపర్నెంటు గొంతు పెంచుతాడు, అప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది. గుమస్తా అవసరానికి మించి చేసేస్తుంటే ఆయన నోరు మూసుకుంటాడు, అప్పుడు తగ్గుతుంది. (రెండో రకం గుమస్తాని నా సర్వీసులో చూడలేదు.) మేం తీర్మానించింది బద్ధకపు థైరాయిడ్. కాగితం మీద వచ్చింది పరుగులు పెట్టే థైరాయిడ్.

అంకెని మార్చలేం కదా. అందుకని మా ఆవిణ్ణే మార్చుకున్నాం. నిన్నటిదాకా ఆమెకి ఒళ్లు వచ్చింది, ఇవాళ్టి నుంచి చిక్కిపోతోంది. నిన్న చలి, ఇవాళ ఉక్క. "మొన్న మెట్లెక్కుతూ ఆయాసపడింది, నేను అప్పుడే అనుకున్నాను" అంది మా అప్ప, మొన్న మా ఇంటికి రాకుండానే. చేతులు వణుకుతున్నాయో లేదో చూడటానికి చాపిన చేతుల మీద కాగితం పెట్టాలని మా అబ్బాయి ఎక్కడో చదివి చెప్పాడు. వంటగదిలో ఆమెని నిలబెట్టి, చేతుల మీద పేపరు పరిచి, కళ్లజోడు సవరించుకుని వంగి చూశాను. పేపరు కదిలింది. "కదిలింది!" అని అరిచాను. ఫ్యాన్ తిరుగుతోందని ఆవిడ చెప్పేలోపు పాలు పొంగిపోయాయి.

తర్వాత సాక్షులు బయల్దేరారు. ఇదంతా ప్యాకెట్ ఉప్పు వల్లే అంది మా అమ్మ. ఆవిడ పుట్టిల్లు నౌపడ ఉప్పు మడుల పక్కనే. "సముద్రం ఒడ్డున బతుకుతన్నాం, మనకి అయోడిన్ తక్కువేట్రా?" అంది. మడిలో సముద్రపు నీరు ఎండి కల్లుప్పు అయ్యేసరికి అందులో మిగిలే అయోడిన్ బహు స్వల్పం. అయోడిన్ తక్కువై మెడ ముందు కాయ కట్టే గాయిటర్ జబ్బు మీద మన దేశం 1962లోనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఉప్పు మన వంటింటికి చేరేసరికి పది లక్షల వంతులకి కనీసం 15 వంతులు అయోడిన్ ఉండాలన్న లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. "1962లో నాకు ఏ కాయా లేదు" అంది. ఆ సాక్ష్యాన్ని కొట్టిపారేయడం కష్టం.

మా అప్ప ఆమదాలవలస నుంచి బస్సెక్కి స్వయంగా వచ్చింది. పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న అనుభవం ఆవిడది. పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంటైనా ఆగి కాఫీ తాగాల్సిన మాత్ర అది. కాల్షియం, ఐరన్ మాత్రలైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. మా అప్ప థైరాయిడ్ మాత్రనీ, కాల్షియం మాత్రనీ ఒకే గుక్క కాఫీతో మింగేసి, డాక్టరు డోసు పెంచుతూ పోతున్నాడని తిట్టుకుంటుంది. పర్సులోంచి తన పట్టీ తీసి "ఇది 50, నీకు సగం చాల్లే మరదలా" అంది. అది బద్ధకపు థైరాయిడ్‌కి ఇచ్చే మందు. పరుగెత్తేదాన్ని ఇంకాస్త తరుముతుంది. ఆవిడ వెళ్లేదాకా ఆగి, మా ఆవిడ ఆ మాత్రని తులసి కుండీలో పడేసింది. తులసి ప్రస్తుతం బాగానే ఉంది.

ఇక తప్పక డాక్టరు దగ్గరికి వెళ్లాం. డబ్బులు పెట్టి తప్పించుకున్న రెండు గంటల బల్ల చివరికి రానే వచ్చింది. లోపల కేసు పూర్వాపరాలు నేను మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి, "ఆవిణ్ణి చెప్పనివ్వండి సార్" అన్నారు. నాడి చూశారు, మామూలుగా ఉంది. మెడ మీద వేళ్లు పెట్టి "గుటకెయ్యండమ్మా" అన్నారు. చేతులు చాపించారు. ఫ్యాను ఆపించి మరీ. తర్వాత అడిగారు. "ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?"

"జుట్టుకి ఒకటండీ. మూడు నెలల నుంచి."

ఆ సీసా ఫ్రిజ్ మీద, నా కళ్లజోడు పెట్టెకి ఆనుకునే ఉంటుంది. రోజూ అక్కడ చెయ్యి పెడతాను. బయోటిన్ అనే విటమిన్, 10 మిల్లీగ్రాములు. ఒంటికి రోజూ కావలసిన దానికి అది వందల రెట్లట. ల్యాబు యంత్రాలు చాలావాటిలో లెక్క తేల్చడానికి బయోటిన్‌నే జిగురులా వాడతారు. రక్తంలోనూ అదే నిండుగా ఉంటే యంత్రం తికమకపడుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోన్ ఎక్కువగా చూపించేస్తుంది. "రక్తం తీసినప్పుడు అడగలేదా అమ్మా?" అన్నారు డాక్టరు గారు. మా ఆవిడ నా వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండర్ చూసింది. నేనూ అదే చూశాను.

మూడు రోజులు ఆ మాత్ర మానేసి మళ్లీ రక్తం ఇచ్చింది. ఈసారి కుర్రాడు ప్రశ్న అడిగినప్పుడు నన్ను పాలప్యాకెట్‌కి పంపించింది. టీఎస్‌హెచ్ 2.6. టీ4 కూడా చక్కగా ఉంది. పనిలో పనిగా చూసిన హిమోగ్లోబిన్ 12.4, అంటే రక్తహీనత లేదు. అది కూడా మాకు సహకరించలేదు.

గ్రంథి నిర్దోషిగా విడుదలైంది. ఇంట్లో కాస్త నిరుత్సాహం ఉన్న మాట వాస్తవం. జబ్బుంటే రోజుకో మాత్రతో పోయేది. ఆ మాత్ర కూడా ఆవిడే వేసుకునేది.

రిపోర్టు చూసి డాక్టరు గారు ఆమెని ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు. ఆమె చెప్పింది. ఆయన నావైపు కొంచెంసేపు చూసి చీటీ మీద 'రెస్ట్' అని ఒకే మాట రాశారు. మూడు మెడికల్ షాపుల్లో అడిగాను, స్టాకు లేదన్నారు.

కేసు మాత్రం మూసెయ్యలేదు. నీరసం అలాగే ఉంది కాబట్టి, అసలు కారకులెవరో తేల్చడానికి నలుగురు సభ్యులతో కమిటీ వేశాం. అధ్యక్షుణ్ణి నేను. మొదటి సమావేశం ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి, మా ఇంట్లోనే. మా అప్ప, బావ ఆమదాలవలస నుంచి వస్తున్నారు. పకోడీలు, టీ ఏర్పాట్లు మా ఆవిడవి.