సవరణ: ఇరుకు గదికి కూలరా, ఏసీనా

నల్గొండలో పది బై పది గదికి ఏసీ అక్కర్లేదు, కూలర్ చాలు అని ఇంతకు ముందు రాసిన దానికి ఒక షరతు కలుపుతున్నా. గదికి కిటికీ ఉండాలి, కూలర్ బయటి గాలి పీల్చేలా ఆ కిటికీ దగ్గరే ఉండాలి, వచ్చిన గాలి పోవడానికి ఎదురుగా తలుపో ఇంకో కిటికీయో తెరిచి ఉంచాలి. అన్నీ బిగించి వేస్తే కాసేపటికే చెమ్మ పెరిగి ఒళ్లంతా జిగటగా అవుతుంది. నీళ్లు ఆవిరైతేనే కూలర్ చల్లబరుస్తుంది, అందుకే ఏప్రిల్, మే పొడి ఎండల్లో మన దగ్గర బాగా పనిచేస్తుంది, వానలు పడ్డాక దాదాపు ఫ్యానే.

కిటికీ లేకపోతే ఏసీయే. "ఒక టన్ను అంటే బరువా, కరెంటా" అని అడిగారు. రెండూ కాదు, గంటకు 12,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక కొలత) వేడిని బయటికి తోసే సామర్థ్యం, అంటే సుమారు 3.5 కిలోవాట్లు, తినే కరెంటు అందులో మూడో వంతు, అటూ ఇటూగా. ఆ సైజు గదికి ఒక టన్ను సరిపోతుంది, పైన స్లాబే ఉంటే ముందు దానికి తెల్ల సున్నం కొట్టించండి, తక్కువలో అయిపోతుంది. అవుట్‌డోర్ యూనిట్‌ను ఇరుకు సందులో ఇరికించొద్దు, వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది.

మహబూబ్‌నగర్ నుంచి చలికాలం సంగతి అడిగినవాళ్లకు: వేడి గాలి కూడా ఇచ్చే హాట్ అండ్ కోల్డ్ ఏసీకి అదనంగా డబ్బు పెట్టకండి, మన చలి కొన్నాళ్ల ముచ్చటే, రగ్గు చాలు. ఇంట్లో ముసలివాళ్లుంటే చిన్న ఆయిల్ హీటర్ (లోపల నూనె నింపిన కరెంటు హీటర్) కొనండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం అస్సలు వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.