సవరణ: వరి అగ్గి తెగులు శిలీంద్రం పేరు

పంటల మీద బతికే పరాన్నజీవి శిలీంద్రాల డేటాబేస్ కడుతున్నామని చెబుతూ, మొన్న ఒక నమూనా పట్టిక పెట్టాను. అందులో వరి, రాగి, కొర్రల అగ్గి తెగులుకు కారణం మాగ్నపోర్తే గ్రీసియా అని రాశాను. అది తప్పు. పాత పాఠ్యపుస్తకాల పేరును సరిచూడకుండా ఎక్కించాను, పొరపాటు నాదే.

గ్రీసియా అనేది డిజిటేరియా అనే కలుపు గడ్డి మీద ఉండే శిలీంద్రం. వరి మీద ఉన్నది వేరే జాతి అని, జన్యువుల వరుసలు పోల్చి 2002లో తేల్చారు. దానికి అప్పుడు మాగ్నపోర్తే ఒరైజే అన్న పేరొచ్చింది. ఒకే శిలీంద్రానికి లైంగిక దశలో ఒక పేరు, అలైంగిక దశలో ఇంకో పేరు వాడే పద్ధతిని 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశం రద్దు చేశాక, 2016లో నిపుణుల బృందం మాగ్నపోర్తేకు బదులు అలైంగిక దశ పేరైన పైరిక్యులేరియా ఒరైజేనే వాడమని సూచించింది. రాగి, కొర్ర, గోధుమల అగ్గి తెగులు కూడా దీనిదే, కాకపోతే ఒక్కో పంటకు అలవాటుపడిన రకాలు వేరు.

ఈ వివరాలు ప్రచురితమైన పరిశోధనా పత్రాలు, అంతర్జాతీయ శిలీంద్ర నామ సూచికల్లోవి.

పట్టికలో పేరు మార్చాను. పాత పేరు మాత్రం తీసేయలేదు. మన దగ్గర పాత పరిశోధనలు చాలావరకు ఆ పేరుతోనే ఉన్నాయి, అలా వెతికినా సరైన చోటికే చేరాలి. నిజంగా డిజిటేరియా గడ్డి మీద దొరికిన నమూనాలకు గ్రీసియా అలాగే ఉంటుంది. పాత పట్టిక దించుకున్నవాళ్లు దయచేసి కొత్తది తీసుకోండి.