35 మైళ్ళ వాకీటాకీ: ఆ ఫార్వర్డ్‌ని నమ్మి ట్రిప్‌కి బయల్దేరకండి

సెలవులు దగ్గరపడితే చాలు, అమెరికాలో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ చక్కర్లు కొడుతుంది. సారాంశం ఇదీ: "నేషనల్ పార్కుల్లో సెల్ సిగ్నల్ ఉండదు. జీఎంఆర్‌ఎస్ వాకీటాకీ జత కొనుక్కోండి. 35 మైళ్ళు పనిచేస్తుంది. లైసెన్సు గొడవ లేదు. ప్రైవసీ కోడ్ పెడితే మన మాటలు ఎవరికీ వినపడవు. సరిగ్గా అందకపోతే ఎక్కువ వాట్ల సెట్ కొనండి. ఆపదొస్తే 9వ చానెల్‌లో రేంజర్లు పలుకుతారు. ఇండియాలో అమ్మానాన్నలకూ ఒక జత పట్టుకెళ్ళండి."

మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. రెండు మూడు కార్లలో కలిసి వెళ్ళేవాళ్ళకు ఈ రేడియోలు నిజంగా పనికొస్తాయి. మిగతాదంతా తప్పు. పిల్లల్ని, పెద్దవాళ్ళని వెంటేసుకుని ఎడారి దారి పట్టేవాళ్ళు దీన్ని నమ్ముతున్నారు కాబట్టి విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

ముందు 35 మైళ్ళ సంగతి. జీఎంఆర్‌ఎస్ (జనరల్ మొబైల్ రేడియో సర్వీస్) అంటే అమెరికాలో మామూలు జనం వాకీటాకీల్లో మాట్లాడుకునే ఒక రేడియో సర్వీసు. ఇది 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే వెళ్తాయి. కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. చదునైన నేల మీద నిలబడ్డ మనిషికి దిగంతం సుమారు మూడు మైళ్ళలో ఉంటుంది. ఇద్దరు చెరో సెట్ పట్టుకుని, మధ్యలో చెట్టూ గుట్టా లేని చోట నిలబడితే లెక్క ప్రకారం ఆరేడు మైళ్ళు. ఇళ్ళ మధ్య మైలు దాటడమే కష్టం. హైవే మీద కార్ల లోపలినుంచి మాట్లాడితే సాధారణంగా ఒకటి రెండు మైళ్ళు. డబ్బా మీద వేసే 35, ఒకరు ఎత్తైన కొండ మీద, మరొకరు ఏ అడ్డూ లేని లోయలో ఉన్నప్పటి లెక్క.

డెత్ వ్యాలీనే తీసుకోండి, కాలిఫోర్నియాలోని ఎడారి నేషనల్ పార్కు, మనవాళ్ళు చలికాలం సెలవుల్లో బాగా వెళ్ళే చోటు. అక్కడ డాంటేస్ వ్యూ అనే కొండకొమ్ము 5,475 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని కిందే బ్యాడ్‌వాటర్, సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన. పైనుంచి చూస్తే కింది ఉప్పునేల, పార్కింగ్ చోటు కళ్ళముందే ఉంటాయి. ఒక కుటుంబం పైన, ఒకటి కింద ఉంటే చవక సెట్‌తోనైనా పక్కనున్నట్టే మాట్లాడుకోవచ్చు. పైనున్న కారు తిరుగు ప్రయాణం మొదలుపెట్టి శిఖరం అవతలి వాలులోకి దిగిందా, మాట తెగిపోతుంది. రేడియోలు అవే, బ్యాటరీలు అవే, మధ్యలోకి కొండ వచ్చిందంతే. రోడ్డు మీద ఆ రెండు చోట్ల మధ్య గంట ప్రయాణం. కాబట్టి ఎక్కడ కలవాలో, ఎన్ని గంటలకు కలవాలో, ఎవరైనా రాకపోతే ఏం చేయాలో ఒకరికొకరు కనిపిస్తున్నప్పుడే అనుకోవాలి.

వాట్లు పెంచితే తీరుతుందా? అడ్డు లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. రెండు వాట్ల సెట్ తీసేసి అయిదు వాట్లది కొంటే దక్కేది కొంచెమే. కొండ వెనక అదీ ఉండదు. ఆ డబ్బుతో కారు పైకప్పు మీద అయస్కాంతంతో అతుక్కునే యాంటెనా కొనండి. కారంటే ఇనప పెట్టె, లోపల యాంటెనా ఉంటే సగం గొంతు అక్కడే నొక్కుకుపోతుంది. జీఎంఆర్‌ఎస్ సెట్లలో చాలావాటికి యాంటెనా ఊడదీసి బయటిది తగిలించుకునే వీలుంటుంది. లేకపోతే కనీసం సెట్‌ని కప్‌హోల్డర్‌లో పడేయకుండా కిటికీ దగ్గర నిటారుగా పట్టుకోండి. ఆ ఒక్క మార్పుతోనే తేడా వినిపిస్తుంది.

లైసెన్సు విషయంలో ఫార్వర్డ్ రాసినవాళ్ళు రెండు సర్వీసుల్ని కలిపేశారు. ఎఫ్‌ఆర్‌ఎస్ (ఫ్యామిలీ రేడియో సర్వీస్) అనే తక్కువ పవర్ సర్వీసుకి లైసెన్సు అక్కర్లేదు, రెండు వాట్ల వరకే. జీఎంఆర్‌ఎస్‌లో మాట్లాడాలంటే అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే లైసెన్సు కావాలి. పరీక్ష లేదు, 35 డాలర్లు, పదేళ్ళు చెల్లుతుంది. 18 ఏళ్ళు నిండాలి. పౌరసత్వం అడగరు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళూ తీసుకోవచ్చు. ఒకరి లైసెన్సు మీద భార్యాభర్తలు, పిల్లలు, అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అత్తమామలు అందరూ మాట్లాడొచ్చు. పెదనాన్న కొడుకు మనకు సొంత అన్నే, కానీ ఆ జాబితాలో కజిన్లు లేరు. పక్క కారులోని ఆఫీసు ఫ్రెండ్ అసలే రాడు. వాళ్ళు తమ లైసెన్సు తామే తీసుకోవాలి, లేదా ఎఫ్‌ఆర్‌ఎస్ సెట్ తెచ్చుకోవాలి. రెండింటికీ ఉమ్మడిగా 22 చానెళ్ళు ఉన్నాయి కాబట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. సంభాషణ హాయిగా తెలుగులో సాగించండి. లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో, మాటలు ముగిశాక ఒకసారి, సంభాషణ సాగుతూ ఉంటే 15 నిమిషాలకోసారి చెప్పాలి.

ఇక ప్రైవసీ కోడ్. గోప్యతకూ ఈ కోడ్‌కూ సంబంధం లేదు. ఇది మీ మాటతో పాటు వెళ్ళే, చెవికి వినపడని ఒక మంద్రమైన టోన్. ఆ టోన్ ఉన్న మాటలకే మీ స్పీకర్ తెరుచుకుంటుంది, మిగతావాళ్ళ మాటలు మీకు వినపడవు. మీ మాటలు మాత్రం ఆ చానెల్‌లో కోడ్ లేకుండా ఉన్న ప్రతివాడికీ వినపడతాయి. హోటల్ రూమ్ నంబరు, పిల్లలు ఒంటరిగా ఉన్న చోటు అందులో చెప్పకండి. ఆ దారిలో తెలుగు తెలిసినవాళ్ళు ఇంకెవరూ ఉండరనీ అనుకోవద్దు.

"సెట్ పాడైపోయింది, వాపసు ఇచ్చేస్తున్నాం" అనేవాళ్ళలో చాలామంది ఈ కోడ్ దగ్గరే ఇరుక్కుంటారు. "అన్నా, నీ మాట వినిపిస్తోంది, నా మాట నీకు వినిపిస్తోందా?" అని అడుగుతూనే ఉంటారు, అవతలినుంచి ఉలుకూ పలుకూ ఉండదు. అవతలి సెట్‌లో కోడ్ ఉంది, మీ సెట్ ఆ టోన్ పంపడం లేదన్నమాట. అన్ని సెట్లలోనూ కోడ్ సున్నా పెట్టి చూడండి, పలికితే రేడియోలో దోషం లేనట్టే. రెండు కంపెనీల సెట్లు కలిపి వాడుతుంటే ఇంకో తిరకాసు ఉంది. కోడ్ నంబరు ఒకటే అయినా టోన్ ఒకటే కానక్కర్లేదు. 38 కోడ్లున్న సెట్లలో 22వది మామూలుగా 141.3 హెర్ట్జ్, ఇంకా ఎక్కువ కోడ్లున్న సెట్లో అదే నంబరుకు వేరే టోన్ ఉండొచ్చు. నంబర్లు వదిలేసి మాన్యువల్ వెనక ఉండే పట్టికలో హెర్ట్జ్ చూసి జతచేయండి.

బటన్ నొక్కగానే సెట్ ఆరిపోయి మళ్ళీ వెలుగుతోందా? బ్యాటరీ అయిపోవచ్చింది, లేదా దాని కొసలకు మకిలి పట్టింది. వినడానికి కొద్దిపాటి కరెంటు చాలు, పంపడానికి చాలా కావాలి, అందుకే వినిపిస్తూనే ఉండి మాట్లాడబోతే చచ్చిపోతుంది. మొదటి మాట ఎప్పుడూ తెగిపోతోందంటే బటన్ నొక్కిన వెంటనే మాట్లాడేస్తున్నారు. నొక్కి, ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి. గొంతు బరబరలాడితే మైక్‌ని నోటికి రెండు మూడు అంగుళాలు ఎడంగా పట్టుకోండి. ఒకే కారులో రెండు సెట్లు పక్కపక్కన పెట్టి పరీక్షించి "బాలేదు" అనేస్తుంటారు. అంత దగ్గర్లో ఒకదాని పవర్ రెండోదాన్ని ముంచేస్తుంది. ఒకరు వీధి చివరిదాకా నడిచి వెళ్ళి పరీక్షించాలి. చానెల్ అంతా ఎవరో పట్టేసినట్టు ఉంటే మీ కార్లలోనే వెతకండి, సీటు కింద పడ్డ సెట్ బటన్ నొక్కుకుపోయి ఉంటుంది. లేదా శబ్దం వినపడగానే దానంతట అదే ప్రసారం మొదలుపెట్టే వాక్స్ ఆన్ అయ్యుంటుంది, కారులో పాట మొదలైతే చాలు అది ప్రసారం చేసేస్తుంది. వాక్స్ ఆపేయడమే మేలు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది 9వ చానెల్ మాట. అత్యవసరాలకు 9వ చానెల్ అన్నది ట్రక్కు డ్రైవర్లు ఎక్కువగా వాడే సీబీ రేడియోల్లోని ఏర్పాటు. అది వేరే బ్యాండ్, వేరే సెట్లు. జీఎంఆర్‌ఎస్‌లో పోలీసులో రేంజర్లో విధిగా కాచుకుని వినే చానెల్ లేదు. పైగా 8 నుంచి 14 వరకు చానెళ్ళలో అర వాట్ మించి పంపకూడదు, సెట్లు కూడా అక్కడ పవర్ తగ్గించేస్తాయి. అంటే ఈ మెసేజ్ నమ్మినవాళ్ళు ఆపదలో అన్నిటికన్నా బలహీనమైన చానెళ్ళలో ఒకదానిలో, ఎవరూ వినని చోట అరుస్తారు. మామూలు మాటలకైనా 15 నుంచి 22 మధ్య ఏదో ఒకటి పెట్టుకోండి. సహాయం కోసం ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం, లేదా ఆ సదుపాయం ఉన్న ఫోన్ దగ్గర ఉండాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళలో అది ఉంది. ఆకాశం బాగా కనిపించే చోట పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో డెమో ఉంటుంది, బయల్దేరేముందే ఇంట్లోవాళ్ళందరూ ఒకసారి చేసి చూడండి.

ఇండియాకి పట్టుకెళ్ళొద్దు. అక్కడ లైసెన్సు లేకుండా వాకీటాకీలకు ఇచ్చిన బ్యాండ్ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్, జీఎంఆర్‌ఎస్ అందులోకి రాదు. అమ్మానాన్నలకు నిజంగా అవసరమైతే, ఆ బ్యాండ్‌లో పనిచేసే, ప్రభుత్వ టైప్ అప్రూవల్ ఉన్న సెట్లు అక్కడే చూసి కొనివ్వండి.