బాలి పల్లెలో "సొంత స్థలం": ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో మాటకీ జవాబు

ఒక మెసేజ్ మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "మన ఒక్క రూపాయికి ఇండోనేషియాలో 190 రుపియాలు. బాలి పల్లెల్లో స్థలం మన మండల కేంద్రంలో కన్నా చవక. విదేశీయుడి పేరు మీద కుదరకపోతే అక్కడి నమ్మకస్తుడి పేరు మీద రాయించుకోవచ్చు. హిందువుల ఊళ్లు, మనల్ని సొంతవాళ్లలా చూస్తారు. వీసా అక్కర్లేదు. విల్లా కట్టి అద్దెకిస్తే పెట్టుబడి ఐదేళ్లలో తిరిగొస్తుంది."

మా బాబాయి తన రిటైర్మెంట్ డబ్బులో సగం దీనికి పెట్టాలనుకుని, పంపేముందు నాకు ఫోన్ చేశారు. బాలిలోని తబనాన్ జిల్లాలో ఒక పల్లెలో నేను ఐదు వారాలు గది అద్దెకు తీసుకుని ఉన్నానని ఆయనకి తెలుసు. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

"అక్కడివాళ్ల పేరు మీద రాయించుకోవచ్చు" అన్న మాటతో మొదలుపెడతాను. మిగతావన్నీ తప్పైనా డబ్బు కొంత పోతుంది, ఇది తప్పైతే మొత్తం పోతుంది. ఇండోనేషియా భూమి చట్టం 1960 నాటిది, ఆ ఏడాది 5వ నంబరు చట్టం. పూర్తి యాజమాన్యాన్ని అక్కడ హక్ మిలిక్ అంటారు. హక్ అంటే మన హక్కే. అది ఇండోనేషియా పౌరులకే దక్కుతుందని 21వ సెక్షన్ చెబుతుంది. 26వ సెక్షన్ ఇంకా గట్టిది. నేరుగా గానీ చాటుగా గానీ ఆ హక్కును విదేశీయుడికి చేర్చే ఏ లావాదేవీ అయినా చెల్లదు, ఆ భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. మెసేజ్‌లో "నమ్మకస్తుడు" అన్నది మన భాషలో బినామీ. అతనితో అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ లాంటివి రాయించి "సేఫ్" అంటారు. కానీ సర్టిఫికెట్ మీద అతని పేరే ఉంటుంది. అతను పోతే భూమి అతని పిల్లలకి వెళ్తుంది, అతను అప్పు చేస్తే బ్యాంకుకి వెళ్తుంది. మీరు కోర్టుకెళ్తే ముందు తేలేది మీ ఒప్పందమే చట్టవిరుద్ధమని.

మనకి ఇది అర్థం కాని సంగతేం కాదు. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కదా, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని. అక్కడ బినామీగా కొన్నవాళ్ల బాధలు మన జిల్లాల్లో చూశాం. ఇండోనేషియా ఆ కాపలా దేశమంతటికీ పెట్టుకుంది, అది వాళ్ల హక్కు.

విదేశీయులకి చట్టం ఇచ్చే దారులు వేరే ఉన్నాయి. లీజు ఒకటి, పాతికేళ్లో ముప్పై ఏళ్లో. హక్ పకాయ్ అనే వాడుకునే హక్కు ఇంకొకటి. మొదట 30 ఏళ్లు, తర్వాత 20, ఆ తర్వాత 30. కానీ దానితో బాలిలో ఇల్లు కొనాలంటే ఆ ఇంటి విలువ కనీసం 500 కోట్ల రుపియాలు ఉండాలి. మన లెక్కలో సుమారు రెండు కోట్ల 60 లక్షలు. చవక పల్లె స్థలం కోసం వెతికేవాళ్లకి అది దారే కాదు.

ఇక "చవక" సంగతి. బాబాయి నాకు పంపిన ప్రకటన ఫొటో చూశాక ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలిసింది. బాలిలో భూమిని కొలిచేది ఆర్‌లలో. ఒక ఆర్ అంటే వంద చదరపు మీటర్లు, మన 120 గజాలు. ఎకరానికి 40 ఆర్‌ల పైచిలుకు. ఎకరం అనుకుని చదివితే లెక్క నలభై రెట్లు తప్పుతుంది. పైగా ఆ ధర కొనుగోలుది కాదు. లీజు ధరని "ఆర్‌కి, ఏడాదికి" అని రాస్తారు, మొత్తం ఏళ్లకి డబ్బు సాధారణంగా ముందే కట్టించుకుంటారు. ఉదాహరణకి ఆర్‌కి ఏడాదికి రెండు కోట్ల రుపియాలనుకోండి, అంటే మనకి లక్షా ఐదు వేలు. ఐదు ఆర్‌లు, అంటే 600 గజాలు, పాతికేళ్లకి తీసుకుంటే 250 కోట్ల రుపియాలు అవుతుంది. మన డబ్బులో కోటీ 31 లక్షలు. పాతికేళ్లు గడిచాక ఆ స్థలం మళ్లీ వాళ్లదే. అదే మొత్తాన్ని అక్కడి ప్రకటనల్లో "2,5 ఎం" అని రాస్తారు. ఆ ఎం మిలియన్ కాదు, మిలియార్, అంటే వంద కోట్లు. కామా మన చుక్కలా దశాంశానికి వాడతారు. తెలియక చదివితే ఏ అంకె ఏమిటో అంతుపట్టదు.

ఇక్కడి నుంచి డబ్బు పంపడం కూడా ఊరికే కాదు. ఇలాంటి పెట్టుబడికి ఏడాదికి 10 లక్షలు దాటితే, ఆ దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అక్కడి ఆస్తిని ఐటీ రిటర్న్‌లో చూపించాలి. బినామీ పేరు మీద ఉన్నదాన్ని ఎలా చూపిస్తారు? నేనిలా అడిగితే బాబాయి చాలాసేపు మాట్లాడలేదు.

"హిందువుల ఊళ్లు, సొంతవాళ్లలా చూస్తారు." ఈ మాట అబద్ధమని తోసెయ్యను, కానీ సగమే నిజం. ఇండోనేషియా జనాభాలో నూటికి 87 మంది ముస్లింలు. బాలిలో మాత్రం హిందువులు ఎక్కువ. అక్కడి హిందూ మతం మనలా గుడికెళ్లి దణ్ణం పెట్టుకుంటే సరిపోయేది కాదు, ఊరి సభ్యత్వంతో ముడిపడి ఉంటుంది. ప్రతి పల్లెలోనూ బంజార్ అనే వాడకట్టు సంఘం ఉంటుంది, దానికి అవిగ్-అవిగ్ అనే కట్టుబాట్లుంటాయి. నేనున్న వీధి చివర చిన్న గోపురంలో బోలుగా తొలిచిన చెక్క దూలం వేలాడేది, కుల్కుల్ అంటారు. ఒక రోజు తెల్లవారుజామున అది మోగింది. దెబ్బల వరసను బట్టి సమావేశమో చావో ఊరికి తెలిసిపోతుంది. ఐదు నిమిషాల్లో మగవాళ్లు తలకి ఉదెంగ్ గుడ్డ కట్టుకుని, ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని బయల్దేరారు. మా ఇంటావిడ పొయ్యి మీద అన్నం దించేసి వెళ్లిపోయింది. ఎవరో చనిపోయారు. నన్ను ఎవరూ రావద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. ఆ ఊళ్లో నేను తమియు, అంటే అతిథిని.

పాత నివాస స్థలాలు చాలావరకు ఊరుమ్మడి భూములే. గుడి పనికి, ఊరి పనికి చెయ్యి వేస్తున్నంత కాలం ఆ కుటుంబం అక్కడ ఉంటుంది. ప్రతి ఇంటి ఆవరణలోనూ పూర్వీకుల గుడి ఉంటుంది. దాన్ని ఎవరు అమ్ముతారు? మీకు చూపించేది ఎక్కువగా వరి మడి. ఆ మడికి నీళ్లు సుబాక్ అనే రైతుల సంఘం వంతులు వేసి వదులుతుంది, మన ఊళ్లలో నీరటి చెరువు తూము దగ్గర వంతులు చూసినట్టే. ఆ పద్ధతిని 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మధ్యలో ఒక మడిలో విల్లా లేస్తే కింది మడులకి నీళ్లు సరిగ్గా పారవు. జటిలువిహ్ దగ్గర గట్టు మీద నిలబడి మెట్లు మెట్లుగా దిగే ఆ పొలాలు చూసిన నాకు, అందులో ఒక మడిని మా బాబాయి డబ్బుతో పూడ్చడం తలుచుకుంటేనే కష్టంగా ఉంది.

"విల్లా కట్టి అద్దెకివ్వండి." ముందు ఆ జోన్‌లో కట్టడానికి అనుమతి ఉండాలి, వ్యవసాయ జోన్ అయితే ఉండదు. 2025 జులైలో బింగిన్ బీచ్ దగ్గర ప్రభుత్వ భూమిలో కట్టిన 48 కట్టడాలను కూల్చేశారు. ఏళ్ల తరబడి నడిచిన హోటళ్లు కూడా అందులో ఉన్నాయి. విదేశీయుడు అద్దె వ్యాపారం చట్టప్రకారం నడపాలంటే విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి. దాని పెట్టుబడి ప్రణాళిక వెయ్యి కోట్ల రుపియాలు దాటాలి, మన ఐదు కోట్ల పైమాట.

"వీసా అక్కర్లేదు." 2020కి ముందు మాట అది. ఇప్పుడు వీసా ఆన్ అరైవల్ ఐదు లక్షల రుపియాలు, 30 రోజులు. ఒకసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు, దానికీ డబ్బు కట్టాలి. బాలికి వెళ్తే ఇంకో లక్షా 50 వేల రుపియాల పర్యాటక రుసుము, 2024 ఫిబ్రవరి నుంచి. గడువు దాటితే రోజుకి పది లక్షల రుపియాల జరిమానా. ఈ వీసా మీద పని చేయకూడదు, అంటే మీ విల్లా అతిథులకి తాళాలివ్వడం కూడా చిక్కే.

ప్రయాణం గురించి మెసేజ్‌లో "స్కూటర్ మీద తిరిగేయొచ్చు" అని ఒక్క ముక్క ఉంది. బాలిలో రైలు లేదు. విమానాశ్రయం దక్షిణం కొసన ఉంది. ఉత్తరాన సింగరాజా 90 కిలోమీటర్ల లోపే అయినా కొండ దారిలో మూడు గంటలు పడుతుంది. స్కూటరుకి ఇంటర్నేషనల్ పర్మిట్‌లో టూవీలర్ క్లాస్ ఉండాలి, లేకుండా పడితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. అరవై ఏళ్ల మనిషికి రాత్రిపూట గుండె నొప్పి వస్తే ఆ దారిలో ఏం చేస్తారన్నది నన్ను అన్నిటికన్నా భయపెట్టిన ప్రశ్న.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లు ఉంటే ఈ వారమే నాలుగు విషయాలు తేల్చుకోండి. సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంది? అది హక్ మిలికా, హక్ పకాయా? ఆ స్థలం ఏ జోన్‌లో ఉంది? మీ చేతిలో ఉన్నది లీజు పత్రమా, అప్పు పత్రమా? సర్టిఫికెట్‌ని అక్కడి భూమి కార్యాలయంలో సరిచూడమని అడగండి, ఏజెంటు చెప్పిన నోటరీని కాకుండా మీరు వెతుక్కున్న నోటరీని. ఆ జవాబులు చేతికొచ్చేదాకా రెండో విడత డబ్బు పంపకండి.